కోట్ల గది

కోట్లు చూసినదాన్ని నేను.
డబ్బువి కావు, ఉన్నివి.
పోర్తోలో, నదికి దిగే వీధిలో,
పాత నాటకశాల మెట్ల కింద
ఇరవై రెండేళ్లుగా తడి కోట్లు తగిలిస్తున్నాను.
కోటు తీసుకుని ఇత్తడి బిళ్ల ఇస్తాను,
బిళ్ల తీసుకుని కోటు ఇస్తాను.
ఈ మధ్యలో పైన ఏదో జరుగుతుంది.

ఈ చలికాలం జరుగుతున్నది ఇదట:
ఓతీలియా అనే పిల్ల
గుమ్మంలో ఒక ఉత్తరం అందుకుంటుంది.
నీలం శాలువాలో ఉన్నప్పుడు చింపి చదువుతుంది,
ఓడెక్కుతుంది, పెద్ద పేరు తెచ్చుకుంటుంది.
ఆవపువ్వు రంగు శాలువాలో ఉన్నప్పుడు
చదవకుండానే పిండి డబ్బా కింద పెట్టేస్తుంది,
రొట్టెలు కాల్చే అబీలియోను చేసుకుంటుంది.
నటి ఒక్కతే. శాలువాలే రెండు.

గోడ ఇవతలికి వాద్యాలన్నీ వినబడతాయి,
మాటలు సగమే.
మిగతా సగం విరామంలో
జనమే తెచ్చి నా బల్ల మీద పెడతారు.

"ఆ నీలం దానికి గుండె లేదు," అంది
చేపల అంగడి జెనొవేవా, ముక్కు చీదుకుంటూ.
"తల్లి పోతే కూడా రాలేదు, చూశావా?"
జెనొవేవా తన తల్లితో మాట్లాడి పద్నాలుగేళ్లు.
నాకెందుకు, గొడుగు అందించాను.

"పసుపు దానికి వెన్నెముక లేదు," అంది
డ్యూటీ బూట్లతోనే వచ్చిన నర్సు పిల్ల.
"ఒక్క కాగితానికి అంత భయమా?"
ఆమె చేతిసంచిలో
విప్పని కవరు అంచు కనబడుతోంది.
గొడుగు లేదామెకి. ఊరుకున్నాను.

పుర్రెకో బుద్ధి.
పైనుంచి కుర్రాళ్ల నవ్వూ, నడివయసు వాళ్ల ఎక్కిళ్లూ
ఒక్కసారే దిగి వస్తే
అబీలియో పిండి చేతులతో మోకాళ్ల మీద కూచున్నాడని లెక్క.

ఒక జంట వచ్చారు, అతనికి పసుపు, ఆమెకి నీలం.
వచ్చేటప్పుడు ఆమె కోటు అతనే విప్పాడు.
వెళ్లేటప్పుడు చేతి గొట్టం
ఆమే వెతుక్కుంది.

గురువారాలు అదెలీను వస్తాడు,
ట్రాము నడిపి రిటైరైనవాడు, పై వరస టికెట్టు.
పోస్ట్‌మాన్ వచ్చినప్పుడు తప్ప
చప్పట్లు కొట్టడు.
"రెండు బతుకుల్లోనూ వాడొక్కడే మారడమ్మా.
రెండుసార్లూ ఆ మెట్లన్నీ ఎక్కాలి, రెండుసార్లూ ఆయాసపడాలి.
ఒక్క పాటైనా ఇవ్వలేదు వాడికి."
తర్వాత, కాలరు సర్దుకుంటూ:
"పరిగెత్తుకొచ్చేవాళ్లు అద్దంలో కనబడేవాళ్లు నాకు.
టైము టైమే. ఆపేవాణ్ణి కాదు."

మేనేజరు నాకూ ఒక టికెట్టు ఇస్తానన్నాడు.
కోట్లెవరు చూస్తారన్నాను.

నిన్న రాత్రి తప్పు నాదే.
61ని తలకిందులు చేస్తే 19.
జెనొవేవా నర్సు కోటు తొడుక్కుని పోయింది,
వంతెన దాకా వెళ్లి, జేబులో చెయ్యి పెట్టి,
గాజుగుడ్డ చుట్ట తగిలి, వెనక్కి వచ్చింది.
ఈలోగా నర్సు పిల్ల చలికి ఆగలేక
జెనొవేవా కోటు భుజాల మీద వేసుకుని
మెట్ల మీద కూచునుంది.
చేపల వాసన గురించి ఒక్క మాట అనలేదు.

"భుజాల దగ్గర బిగుతు," అంది జెనొవేవా, విప్పుతూ.
"కానీ వెచ్చగానే ఉంది."
అటు తిరిగి, ఇటు తిరిగి,
"ఇంతకీ ఆ ఉత్తరంలో ఏముందే పిల్లా?" అంది.
"వినలేదండీ. అప్పుడు ఏడుస్తున్నాను."
"నేనూ అంతే."

ఇద్దరూ నా వైపు చూశారు,
నేనేదో దాచినట్టు.

"మోసినవాడికే తెలీదు,"
అన్నాడు వెనకనుంచి అదెలీను, బిళ్ల నా చేతిలో పెడుతూ.
ఈసారి అంకె
రెండు వైపులా తిప్పి చూసి ఇచ్చాను.